అట్ట ఒక్కటే దాచుకుంటే పాట పోతుంది

సంపాదకులకు,

నమస్కారం. పాత షీట్ మ్యూజిక్ (పాటల స్వరాలు, మాటలు అచ్చువేసిన కాగితాలు) సేకరణ గురించి మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం చదివాను. అమెరికా, ఐరోపా కార్మికోద్యమాల పాటల ప్రతులకు తెలుగు పత్రికలో అంత చోటు దొరకడం సంతోషం. అయితే అందులోని ఒక సలహా గురించి రాయక తప్పడం లేదు. అట్ట బొమ్మ బాగుంటే దాన్ని విడదీసి ఫ్రేము కట్టించుకోమనీ, లోపలి పేజీలు పాడైపోయి ఉంటే వదిలేయవచ్చనీ అన్నారు. కార్మిక గీతాల విషయంలో ఇంతకన్నా నష్టం చేసే సలహా లేదు. ఆ కాగితాన్ని ఎవరు అచ్చువేశారు, ఎప్పుడు వేశారు, ఎవరి చేతుల్లో తిరిగింది అన్న సంగతులు అట్ట బొమ్మలో చాలా తక్కువ. అవన్నీ పేజీ అడుగున చిన్న అక్షరాల్లో, వెనక అట్ట ప్రకటనల్లో, మధ్యలోని విడి కాగితంలో, మూలన ఉన్న రబ్బరు ముద్రలో ఉంటాయి.

పేజీ మీద అచ్చయిన ఒక్క పేరు ఎంత దూరం పోతుందో 'ఇంటర్నేషనల్' అనే కార్మిక గీతం చూస్తే తెలుస్తుంది. 1871లో పారిస్ కమ్యూన్ అనే కార్మికుల ప్రభుత్వం కూలిన రోజుల్లో యూజీన్ పోతియే రాసిన గీతం అది. దానికి 1888లో ఉత్తర ఫ్రాన్స్‌లోని లీల్ నగరంలో పియేర్ డి గేటర్ అనే కార్మికుడు బాణీ కట్టాడు. పేరు బయటపడితే ఉద్యోగం పోతుందని మొదటి ముద్రణ మీద ఇంటిపేరు ఒక్కటే వేశారు. తర్వాత అతని తమ్ముడు అడాల్ఫ్ ఆ బాణీ తనదేనన్నాడు. ఇంటిపేరు ఇద్దరిదీ ఒకటే కదా! 1914లో కోర్టు తమ్ముడి పక్షాన తీర్పు చెప్పింది. 1922లో గానీ ఆ బాణీ పియేర్‌దేనని తేలలేదు. ఆ తగవంతటికీ మూలం షీటు మీద అచ్చుపడని ఒక చిన్న పేరు. అలాంటి కాగితాల్లో ఏ పేజీ అక్కరలేనిదో ముందే తేల్చేయడం ఎవరి తరమూ కాదు.

సేకరణ మొదలుపెట్టేవారికి మొదట ఎదురయ్యే చిక్కు వేరే ఉంది. ఈ పాటల్లో చాలావాటికి షీట్ మ్యూజిక్ అంటూ అసలు లేదు. స్వరాలు అచ్చువేయడం ఖర్చుతో కూడిన పని. పాడేవాళ్లలో చాలామందికి స్వరలిపి చదవడం రాదు. అందుకని అందరి నోటా నానుతున్న ఏదో ఒక పాట వరస తీసుకుని, దానికి కొత్త మాటలు కట్టి, పైన 'ఫలానా పాట బాణీ' అని ఒక్క ముక్క వేసి ఊరుకునేవారు. 1905లో చికాగోలో ఏర్పడిన ఇండస్ట్రియల్ వర్కర్స్ ఆఫ్ ది వరల్డ్ సంఘం వేసిన ఎర్రట్ట పాటల పుస్తకం ఈ తరహాదే. అది తొలిసారి 1909లో వాషింగ్టన్ రాష్ట్రంలోని స్పోకేన్‌లో వెలువడింది. చొక్కా జేబులో పట్టేంత ఉంటుంది, ఉన్నవి దాదాపు మాటలే. ముప్పైకి పైగా ముద్రణలు వచ్చాయి. 1917 సెప్టెంబర్ 5న అమెరికా ప్రభుత్వం ఆ సంఘం కార్యాలయాల మీద దేశమంతటా ఒకేసారి దాడిచేసి టన్నుల కొద్దీ కాగితాలు పట్టుకుపోయింది. అంతకు ముందటి ముద్రణలు కంటపడితే పట్టుకుపోయినవీ, జేబుల్లో నలిగి చిరిగినవీ పోను మిగిలినవని గుర్తుపెట్టుకోండి.

కాబట్టి ఒక్కో పాటకూ రెండు కాగితాలు వెతకాలి. మాటలున్న పుస్తకం ఒకటి, వరస ఇచ్చిన తల్లి పాట స్వరప్రతి రెండోది. ఆ సంఘం పాటల రచయిత జో హిల్ 1911లో రాసిన 'ది ప్రీచర్ అండ్ ది స్లేవ్' మాటల పక్కన 1868 నాటి 'ఇన్ ద స్వీట్ బై అండ్ బై' అనే క్రైస్తవ కీర్తన ఉంటేనే ఆ పాటలోని ఎత్తిపొడుపు అర్థమవుతుంది. రైల్వే సమ్మె మీద అదే ఏడాది అతను కట్టిన 'కేసీ జోన్స్' పాటకు 1909లో అచ్చయిన అదే పేరు గల పాపులర్ పాట కావాలి. ఇక 'జాన్ బ్రౌన్స్ బాడీ' వరసది మరీ పెద్ద వంశం. భక్తుల సభల్లో పాడుకునే కీర్తన సైనికుల నడక పాట అయింది, 1862లో అమెరికా అంతర్యుద్ధ గీతమైంది. 1880లలో కవి విలియం మోరిస్ ఇంగ్లండ్ సోషలిస్టుల కోసం అదే వరసకు 'ది మార్చ్ ఆఫ్ ది వర్కర్స్' రాశాడు. 1915 జనవరిలో చికాగోలో రాల్ఫ్ చాప్లిన్ అదే వరసకు 'సాలిడారిటీ ఫరెవర్' పూర్తిచేశాడు. ఈ నాలుగైదు కాగితాలు వరసగా ఒక పెట్టెలో చేరితే అదొక చక్కటి సేకరణ, పెద్ద ఖర్చూ ఉండదు.

ఇక్కడ జరిగే పొరపాటు ఒకటే. తల్లి పాట ప్రతి ఏదైనా ఒకటేలే అని తర్వాతి కాలపు ముద్రణ కొనేస్తారు. కార్మికులు మాటలు కట్టేనాటికి వాళ్ల చెవిన పడిన ముద్రణ కావాలి. 1911 పాట పక్కన 1940ల పునర్ముద్రణ పెడితే వరస తెలుస్తుంది, కాలం తెలియదు. బాణీ పేరు కూడా గుడ్డిగా నమ్మకూడదు. జిమ్ కానెల్ 1889లో లండన్ రేవు కార్మికుల సమ్మె ప్రేరణతో 'ది రెడ్ ఫ్లాగ్' రాసినప్పుడు అనుకున్న వరస 'ది వైట్ కాకేడ్'. జనం మాత్రం జర్మన్ 'టానెన్‌బౌమ్' వరసలో పాడుకున్నారు. చేతికొచ్చిన కాగితం మీద ఏ బాణీ పేరుందో చూసి నమోదు చేయడం అందుకే ముఖ్యం. ఇండస్ట్రియల్ వర్కర్స్ సంఘం ఎర్రట్ట జేబు పుస్తకాలు పట్టుబట్టి పోగుచేసిన జాన్ న్యూహౌస్ అనే మెషినిస్టు 1958లో చనిపోయే ముందు తన సేకరణను జానపద పరిశోధకుడు ఆర్చీ గ్రీన్‌కు అప్పగించాడు. ఈ పాటల మీద తర్వాత జరిగిన పెద్ద పనికి అదే పునాది. ఒక కార్మికుడు తన తీరిక వేళల్లో చేసిన పని అది.

సొంత బాణీతో అచ్చయినవి తక్కువ గనుకే విలువైనవి. ఎనిమిది గంటల పనిదినం కోసం ఐ.జి. బ్లాంచర్డ్ రాసిన 'ఎయిట్ అవర్స్'కు 1878లో జెస్సీ జోన్స్ అనే పాస్టర్ సంగీతం కూర్చాడు. జో హిల్ 'ది రెబెల్ గర్ల్' 1915లో స్వరాలతో సహా షీటుగా వెలువడింది. అదే ఏడాది నవంబర్ 19న యూటా రాష్ట్రం అతన్ని కాల్చి చంపింది. 1888లో ఎడ్వర్డ్ కార్పెంటర్ సంకలనం చేసిన 'చాంట్స్ ఆఫ్ లేబర్' స్వరాలతో సహా ఉన్న పుస్తకం. ఇంగ్లండ్‌ గాయక బృందాల కాగితాల్లో గీతల మీద చుక్కలకు బదులు డో, రే, మీ మొదటి అక్షరాలు వరసగా కనిపిస్తే అచ్చు తప్పనుకుని పక్కన పెట్టకండి. అది టానిక్ సోల్-ఫా పద్ధతి. మన సరిగమల్లాగే అక్షరాలు చదివి పాడేస్తారు, స్వరలిపి నేర్చుకునే తీరిక లేనివాళ్లకు బాగా ఉపయోగపడింది.

కార్మికుల మీద వ్యాపార సంస్థలు వేసిన పాటలు మరో తెగ. 1892 హోమ్‌స్టెడ్ ఉక్కు సమ్మె మీద, గని ప్రమాదాల మీద వచ్చినవి ఎన్నో ఉన్నాయి. బొమ్మల అట్టలు ఎక్కువగా వీటివే. సానుభూతితో రాసినవీ ఉన్నాయి, కన్నీళ్లు అమ్ముకున్నవీ ఉన్నాయి, సమ్మె చేసేవాళ్లను ఎగతాళి చేసినవీ ఉన్నాయి. మూడు రకాలూ దాచాల్సిందే గానీ, సంఘం తానుగా వేసుకున్న కాగితాలతో కలపకండి. వేరే పెట్టె పెట్టండి.

ఇక కొనేటప్పుడు చూడాల్సినవి. మొదట పేజీలు లెక్కపెట్టండి. పెద్ద కాగితాన్ని మధ్యకు మడిస్తే నాలుగు పేజీలు. పాట పొడవైతే మధ్యలో ఒక విడి ఆకు దూరుస్తారు, కుట్టు ఉండదు, బంక ఉండదు. అప్పుడు ఆరు పేజీలు. బయటి మడత మీద 1, 2, 5, 6 ఉంటాయి, విడి ఆకు మీద 3, 4. షీటు తెరవగానే ఎడమవైపు 2, కుడివైపు 5 కనిపించాయంటే మధ్య ఆకు జారిపోయిందన్నమాట. వందేళ్లలో ఎన్ని పియానోల మీద నుంచి ఎన్ని జారిపోయాయో! అమ్మేవాళ్లు అట్ట ఫొటో పంపి సరిపెడతారు. షీటు తెరిచి మధ్య భాగం ఫొటో పంపమని అడగండి, ఇవ్వకపోతే కొనకండి.

తర్వాత కొలత. మొదటి ప్రపంచ యుద్ధం దాకా అమెరికన్ షీట్లు సుమారు 27 సెంటీమీటర్ల వెడల్పు, 34 సెంటీమీటర్ల ఎత్తు ఉండేవి. 1918లో కాగితం పొదుపు కోసం సుమారు 18కి 26 సెంటీమీటర్ల చిన్న ముద్రణలు వచ్చాయి. ఆ తర్వాత 23కి 30 స్థిరపడింది. పాత పెద్ద షీటు చిన్న కొలతలో కనిపిస్తే ఎవరో అంచులు కోశారు. పియానో స్టూలు లోపల పట్టడానికో, అన్నీ కలిపి బైండు చేయించడానికో కోసేవారు. కోత అడుగు అంచు మీద పడితే ప్రచురణకర్త పేరు, ప్లేటు నంబరు (అచ్చు పలకకు ప్రచురణకర్త వేసుకునే అంకె) పోతాయి. అంచున వరసగా సూది బెజ్జాలు కనిపిస్తే ఒకప్పుడు బైండు పుస్తకంలో ఉన్నదని అర్థం. అలాంటి పుస్తకం చెక్కుచెదరకుండా దొరికితే మాత్రం పాటలు విడదీయకండి. ఒక ఇంట్లో ఏ పాట పక్కన ఏ పాట పాడుకున్నారో ఆ వరసే చెబుతుంది.

తేదీ తేల్చడానికి కాపీరైటు వాక్యం బాగా ఉపయోగపడుతుంది. అమెరికాలో 1831 నుంచి సంగీత రచనలకు చట్టరక్షణ వచ్చింది. 1870 దాకా 'జిల్లా కోర్టు గుమాస్తా కార్యాలయంలో నమోదు' అని ఉంటుంది, ఆ తర్వాత 'లైబ్రేరియన్ ఆఫ్ కాంగ్రెస్ కార్యాలయంలో' అని మారింది. 1874 తర్వాత 'కాపీరైట్' మాట, సంవత్సరం, పేరుతో పొట్టి వాక్యం కూడా చెల్లింది. కానీ ఆ సంవత్సరం పాటది, చేతిలో ఉన్న కాగితానిది కాదు. అవే ప్లేట్లతో ఏళ్ల తరబడి అచ్చువేసేవారు. అందుకే వెనక అట్ట కావాలి. అక్కడ ప్రకటించిన పాటల్లో అన్నిటికన్నా కొత్తది ఏ ఏడాదిదో చూడండి. మీ కాగితం అంతకన్నా పాతది కాజాలదు. ప్రచురణకర్త చిరునామా కూడా చూడండి. న్యూయార్క్ పేరు పక్కన ఒకటి రెండంకెల తపాలా జోన్ నంబరు ఉంటే 1943కు ముందుది కాదు. అయిదంకెల జిప్ కోడ్ ఉంటే 1963కు ముందుది కాదు. విడదీసి అమ్మిన అట్టల్లో ఈ ఆధారాలన్నీ పోతాయి.

అడుగున ఒక మూల చిన్న కోడిగుడ్డు ఆకారపు గుర్తు ఉందేమో భూతద్దంతో వెతకండి. అది ముద్రణ కార్మికుల సంఘాల ఉమ్మడి లేబుల్. అందులో ఊరి పేరు, పక్కన ఒక అంకె ఉంటాయి. ఆ అంకె ఏ అచ్చుకూటమో చెబుతుంది. సంఘం పాటను సంఘం కార్మికులే అచ్చువేశారనడానికి అది గుర్తు. అయితే లేబుల్ ఉన్నంత మాత్రాన ప్రతి అసలుదని కాదు, ఫొటో తీసి తిరిగి అచ్చువేసినదాంట్లోనూ అది వస్తుంది. నకలు పట్టుకోవడానికి పది రెట్ల భూతద్దం, చిన్న అతినీలలోహిత దీపం చాలు. పాత రాతి పలక అచ్చులో (లిథోగ్రఫీలో) చుక్కలు చెదురుమదురుగా, చేత్తో పెట్టినట్టు ఉంటాయి. ఇప్పటి రంగుల అచ్చులో నాలుగు రంగుల చుక్కలు చిన్న పువ్వుల్లా ఒకే పద్ధతిలో కూడి ఉంటాయి. ఇంక్‌జెట్ అయితే తుంపరలా కనిపిస్తుంది. చీకట్లో దీపం వేస్తే 1950ల తర్వాతి కాగితాల్లో చాలావరకు నీలి తెలుపుగా మెరుస్తాయి, అంతకు ముందటివి మెరవవు.

1930ల నుంచి సమ్మెల్లో చేత్తో తిప్పే డూప్లికేటర్ల మీద తీసిన పాటల కాగితాలు కూడా సేకరించదగ్గవే. ఊదారంగు సిరావి వెలుతురులో ఇట్టే వెలిసిపోతాయి. వాటిని వెంటనే స్కాన్ చేసి చీకట్లో పెట్టండి.

గుర్తుల సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. పియానో పాటల షీట్లు కొనేవాళ్లు మచ్చ లేని కాగితం కోసం చూస్తారు, పెన్సిలు గీతలుంటే రబ్బరుతో తుడిచేస్తారు. కార్మిక గీతాల్లో ఆ పని చేయకూడదు. యూనియన్ శాఖ రబ్బరు ముద్ర, ఆ కాగితం సొంతదారు సంతకం, చరణంలో ఒక మాట కొట్టేసి పైన రాసిన కొత్త మాట, పాడే క్రమం తెలిపే అంకెలు, ఇవన్నీ ఆ పాట నిజంగా పాడారనడానికి సాక్ష్యాలు. ఒక ఫ్యాక్టరీ యజమాని పేరు కొట్టేసి ఇంకొకరి పేరు రాసి ఉంటే, ఆ పాట ఒక సమ్మె నుంచి ఇంకో సమ్మెకు ప్రయాణం చేసిందన్నమాట. శుభ్రమైన ప్రతి కన్నా అలాంటిదే ముందు కొనమంటాను. గ్రంథాలయం ముద్ర ఉంటే మాత్రం 'తొలగించినది' అన్న ముద్ర కూడా ఉందో లేదో చూడండి. లేకపోతే ఆ గ్రంథాలయానికి రాసి కనుక్కున్నాకే కొనండి.

ఇక కాపాడటం. పందొమ్మిదో శతాబ్దం చివరి దశాబ్దాల నుంచి వచ్చిన కాగితం ఎక్కువగా కలప గుజ్జుతో చేసింది. అందులో మిగిలిన లిగ్నిన్ అనే కలప పదార్థం, సిరా పాకకుండా వేసిన పటిక, రెజిన్ కలిసి ఏళ్లు గడిచేకొద్దీ ఆమ్లం పుట్టిస్తాయి. కాగితం పసుపుగా, తర్వాత గోధుమ రంగుగా మారి మడత దగ్గర అప్పడంలా విరుగుతుంది. దాన్ని ఆపలేం, నెమ్మదింపజేయగలం. ఆమ్లం లేని, కాల్షియం కార్బొనేట్ కలిపిన ఫోల్డరులో పెట్టి, పెట్టెలో పడుకోబెట్టి ఉంచండి. పారదర్శకంగా కావాలంటే పాలియెస్టర్ కవరు వాడండి. పీవీసీ కవర్లు వద్దు, వాటి నుంచి వచ్చే ఆవిరి సిరాను అంటిస్తుంది. పాలియెస్టరునైనా నాలుగు వైపులా మూసేస్తే లోపలి ఆమ్లం బయటికి పోక కాగితం ఇంకా త్వరగా పాడవుతుంది. రెండు వైపులు తెరిచి, వెనక కాల్షియం కలిపిన కాగితం ఒకటి పెట్టండి. గాలిలో తేమ 30 నుంచి 50 శాతం మధ్య ఉండాలి, అంతకన్నా ముఖ్యంగా నిలకడగా ఉండాలి. రోజూ పెరిగి తగ్గుతుంటే కాగితం ఉబ్బి కుంచించుకుని విరుగుతుంది.

సెల్లో టేపు ఈ కాగితాలకు బద్ధశత్రువు. పట్టీ ఊడిపోయినా జిగురు కాగితంలోకి ఇంకి గోధుమ రంగు మరక శాశ్వతంగా ఉండిపోతుంది. చిరుగు అతకాలంటే పల్చటి జపాన్ టిష్యూ, గోధుమ పిండిపదార్థంతో కాచిన బంక కావాలి. టిష్యూను కత్తెరతో కోయకుండా తడి గీత గీసి చింపితే అంచున పీచు తేలి కాగితంలో కలిసిపోతుంది. బంక మజ్జిగంత పల్చన, చాలా కొద్దిగా పూసి, పైన కిందా అంటుకోని గుడ్డ, అద్దుడు కాగితం పెట్టి, బరువు కింద పూర్తిగా ఆరనివ్వాలి. బంక ఎక్కువైతే అక్కడ ముడత పడుతుంది. రబ్బరు ముద్ర సిరాలు, రంగు సిరాలు తడికి పాకుతాయి, వాటి దగ్గరికి తడి పోనివ్వకండి. మట్టి దుమ్ముకు పొడి స్పాంజి చాలు. తుప్పు పట్టిన పిన్నును లాగితే కాగితంతో సహా వస్తుంది. వెనక కాళ్లను పల్చటి రేకుతో ముందు నిలబెట్టి అప్పుడు తీయండి. బూజు వాసన వస్తే ఆ కాగితాన్ని వెంటనే వేరు చేసి, పొడిగా ఆరాకే బయట గాలిలో మెత్తటి కుంచెతో దులపండి. లామినేషన్ మాట ఎత్తకండి. వేడికి కరిగిన ప్లాస్టిక్‌ను కాగితం నుంచి మళ్లీ వేరు చేయడం దాదాపు అసాధ్యం.

గోడ మీద పెట్టుకోవాలన్న కోరిక తప్పేమీ కాదు. అట్టను 600 డీపీఐలో స్కాన్ చేసి రంగుల నకలు తీయించి, ఆ నకలుకు ఫ్రేము కట్టించండి. అసలుది పెట్టెలో పడుకోనివ్వండి. స్కాన్ చేసేటప్పుడు ఖాళీ పేజీలు, వెనక అట్ట కూడా వదలకండి. ఫోల్డరు మీద మెత్తటి పెన్సిలుతో మొదటి పంక్తి, బాణీ పేరు, ప్రచురణకర్త, చిరునామా, కొలత, పేజీల సంఖ్య, గుర్తులు, ఎక్కడ దొరికిందో రాయండి. మొదటి పంక్తి ఎందుకంటే ఒకే పాట వేర్వేరు పేర్లతో తిరుగుతుంది, పల్లవి మారినా మొదటి పంక్తి చాలావరకు మారదు. పోల్చుకోవడానికి జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయంలోని లెవీ సేకరణ, లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ షీట్లు ఇంటి నుంచే చూడవచ్చు. డెట్రాయిట్‌లోని వాల్టర్ రాయిథర్ గ్రంథాలయం, ఇంగ్లండ్ సాల్ఫర్డ్‌లోని వర్కింగ్ క్లాస్ మూవ్‌మెంట్ లైబ్రరీ, ఆమ్‌స్టర్‌డామ్‌లోని అంతర్జాతీయ సామాజిక చరిత్ర సంస్థ కార్మికోద్యమ పత్రాలకు పెద్ద నిలయాలు. వాళ్ల జాబితాల్లో లేని ముద్రణ మీ దగ్గరుంటే స్కాన్ పంపి తెలియజేయండి. స్కాన్లను నలుగురికీ పంచే ముందు కాపీరైటు కాలం చూసుకోండి. అమెరికాలో అచ్చయిన పాత పాటలకు గరిష్ఠంగా ప్రచురణ ఏడాది నుంచి 95 సంవత్సరాలు.

అట్టలు విడదీయమన్న సలహాకు వచ్చే ఆదివారం అనుబంధంలో దయచేసి ఒక సవరణ వేయించండి. ఆ వ్యాసం చదివి కత్తెర తీసినవాళ్లు ఎవరైనా ఉంటే విడదీసిన పేజీలు ఇంకా పారేయకుండానే ఉండవచ్చు. అట్టనూ పేజీలనూ టేపుతో అతికించకుండా ఒకే ఫోల్డరులో కలిపి ఉంచమని చెప్పండి.

ఇట్లు,
మీ పాఠకుడు